ఫుల్ మారథాన్‌కి 11 వారాలుంది: బరువులెత్తాలా, కిలోమీటర్లు పెంచాలా?

నెక్లెస్‌రోడ్_ఉదయం · జూన్ 8

అందరికీ నమస్కారం. వయసు 41, బరువు 74 కిలోలు. ఆరేళ్ల నుంచి పరుగెడుతున్నాను. హాఫ్ రెండు గంటల్లోపే అయిపోతుంది. పోయినేడు ఆగస్టులో హైదరాబాద్ మారథాన్‌లో మొదటిసారి ఫుల్ పరుగెత్తాను. 28వ కిలోమీటరు దాకా ఏ ఇబ్బందీ లేదు. ఒక ఫ్లైఓవర్ ఎక్కి దిగుతుంటే కుడి మోకాలి బయటివైపు సూదితో పొడిచినట్టయింది. అక్కణ్ణుంచి గచ్చిబౌలి స్టేడియం దాకా సగం నడక, సగం కుంటడం. మర్నాడు మా అపార్ట్‌మెంట్ మెట్లు రెయిలింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి దిగాను.

ఫిజియోకి చూపిస్తే "కాళ్లలో బలం చాలదు, బరువులెత్తండి" అన్నారు. మా వీధి చివర జిమ్‌లో చేరాను. మొదటి రోజే ట్రైనర్ స్క్వాట్లు, లెగ్ ప్రెస్, లెగ్ ఎక్స్‌టెన్షన్ అన్నీ 20 చొప్పున నాలుగేసి సెట్లు చేయించాడు. నాలుగు రోజులు కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఊనాల్సి వచ్చింది. ఆ వారం లాంగ్ రన్ పోయింది. మళ్లీ జిమ్ గడప తొక్కలేదు.

ఇప్పుడు వారానికి 45 కిలోమీటర్లు పరుగెడుతున్నాను. ఆగస్టుకి 60 చెయ్యాలి. ఇందులో బరువులు ఎక్కడ ఇరికించను? కండ పెరిగి బరువెక్కితే నెమ్మదిస్తానేమో అని ఇంకో భయం. చేసినవాళ్లు చెప్పండి.

డల్లాస్_ఎండ · జూన్ 8

నేను 9 మారథాన్లు చేశాను. నా సలహా సూటిగా: పరుగు పెంచండి, కానీ నెమ్మదిగా పెంచండి. మనలో ఎక్కువమందికి దెబ్బలు తగిలేది బలం లేక కాదు, తొందర వల్ల.

బరువులెత్తితే గాయాలు రావని అందరూ తేలిగ్గా అనేస్తారు. న్యూయార్క్ మారథాన్‌కి మొదటిసారి సిద్ధమవుతున్న సుమారు 700 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుతో 12 వారాలు, వారానికి మూడుసార్లు, పదేసి నిమిషాలు కాళ్లకి, నడుముకి వ్యాయామం చేయించారు. ఫలితం 2020లో వచ్చింది. గాయాల్లో రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇది తెలిశాక నేను జిమ్‌కి పెట్టే టైము నిద్రకి మార్చుకున్నాను.

పాదంపట్టు · జూన్ 8

నేను ఫిజియోథెరపిస్టుని, విజయవాడ. నా దగ్గరికొచ్చేవాళ్లలో సగం మంది పరుగువాళ్లే.

డల్లాస్ గారూ, ఆ పరిశోధన నిజమే, దాన్ని దాచిపెట్టి మాట్లాడకూడదు. కానీ వాళ్లు చేసిందేమిటో చూడండి. పది నిమిషాలు, ఒంటి బరువుతో, ఇంట్లో, పక్కన చూసేవాళ్లు లేకుండా. మా వృత్తిలో దాన్ని బలం పెంచడం అనం, ఒళ్లు కదిలించడం అంటాం. ఆ తర్వాత ఫిన్లాండ్‌లో కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకి 24 వారాలు తుంటికీ నడుముకీ దగ్గరుండి వ్యాయామాలు చేయించారు. వాళ్లలో కాలి గాయాలు తగ్గాయి. బ్రెజిల్‌లో పాదం కండలకి మాత్రమే వ్యాయామాలిచ్చి ఏడాది పాటు గమనిస్తే, చెయ్యనివాళ్లకి గాయాలు రెండు రెట్ల పైమాటే అని తేలింది. కాబట్టి "బలంతో లాభం లేదు" అనే ముందు ఎంత బరువు, ఎవరి పర్యవేక్షణలో అని అడగాలి.

మీరన్న తొందర మాటతో మాత్రం వంద శాతం ఏకీభవిస్తాను. వారానికి 45 నుంచి ఒక్కసారిగా 60కి దూకేవాణ్ణి ఏ స్క్వాటూ కాపాడదు.

నెక్లెస్‌రోడ్ గారూ, మీ మోకాలు చూడకుండా పేరు పెట్టను. బయటివైపు నొప్పి, అదీ దిగేటప్పుడే మొదలవడం అంటే ఐటీ బ్యాండ్ (తుంటి నుంచి మోకాలి దాకా తొడ బయటివైపు ఉండే పట్టీ) వైపు అనుమానం పోతుంది. దిగుడులో ఏమవుతుందంటే, తొడ ముందు కండ సాగుతూనే మీ బరువుకి బ్రేకు వెయ్యాలి. ఎక్కేటప్పటి కంటే అది ఎక్కువ నలిగేది అప్పుడే. పక్క తుంటి కండ అలిసిపోతే కటి ఒకవైపుకి వాలుతుంది, మోకాలు లోపలికి వంగుతుంది. 5వ కిలోమీటరులో ఇది కనపడదు. 28వ దాంట్లో బయటపడుతుంది.

మీకు మొదటి రోజు జరిగింది మాత్రం అన్యాయం. కొత్తవాడితో 20 చొప్పున 80 స్క్వాట్లు చేయించడం వల్ల వచ్చేది నొప్పి, బలం కాదు.

1600_మీటర్లు · జూన్ 9

అన్నలకు నమస్తే. నేను కరీంనగర్ దిక్కు. మారథాన్ కాదు, కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అయితున్న. 2022 నోటిఫికేషన్‌ల 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకండ్లల్ల ఉరకాలె అని ఉండె. మల్ల నోటిఫికేషన్ పడేసరికి రెడీగ ఉండాలని ఏప్రిల్‌ల షురూ చేసిన. అంతకుముందు ఏం ఉరకలే. రోజూ పొద్దుగాల గ్రౌండ్‌ల ఆరేడు రౌండ్లు, ఆదివారం గూడ. ఇప్పుడు రెండు కాళ్లకు మోకాలు కింద లోపలి దిక్కు బొక్క పొంటి నొస్తది. దోస్తులేమో ఉరుకుతుంటె అదే పోతది అంటున్నరు. టైము 7:40 దగ్గరనే ఆగింది. నేను గూడ బరువులు ఎత్తాల్నా?

పాదంపట్టు · జూన్ 9

తమ్ముడూ, ముందు ఒక పని చెయ్యి. కాలు చాపి కూర్చుని ఆ ఎముక అంచు వెంట బొటనవేలితో కింది నుంచి పైకి నొక్కుకుంటూ రా. బెత్తెడు పొడవునా సలుపు ఉందా, లేక రూపాయి బిళ్లంత చోటే ప్రాణం లాగేస్తోందా? రాత్రి పడుకున్నా నొస్తోందా? ఒంటికాలి మీద గెంతితే ఎలా ఉంది? ఇవి చెప్పాకే మిగతా మాట.

1600_మీటర్లు · జూన్ 9

నొక్కి చూసిన అన్నా. బెత్తెడు పొడుగు ఉంటది, ఒక్క కాడ అని లేదు. రాత్రి నొస్తలేదు. గెంతితే కొంచెం అయితది గని ఓర్చుకోవచ్చు.

పాదంపట్టు · జూన్ 9

అయితే షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు ఒత్తిడికి ముంగాలి ఎముక వెంట వచ్చే నొప్పి, అనిపిస్తోంది. ఎప్పుడైనా అది ఒక్క చుక్క దగ్గరికి చేరినా, రాత్రి నొప్పి వచ్చినా అదే రోజు ఆపి డాక్టరుకి చూపించు. ఎముకలో సన్నటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. ఎక్స్‌రే బాగుందని మళ్లీ ఉరికి పూర్తిగా విరగ్గొట్టుకున్నవాళ్లని చూశాను.

రెండు వారాలు రోజు విడిచి రోజు, మాట్లాడుతూ ఉరకగలిగే వేగంలో, దూరం సగానికి తగ్గించు. నీకు బరువులు కావాలా అంటే కావాలి, మొదట పిక్కలకి. ఇంటి మెట్టు చాలు. మెట్టు అంచు మీద పాదం ముందు భాగం మాత్రం ఆనించి, గోడ పట్టుకుని ఒంటికాలి మీద లే. రెండు సెకన్లు పైకి, ఒక సెకను ఆగు, మూడు సెకన్లు కిందికి. మడమ మెట్టు కంటే కిందికి పోవాలి. ఊపుతో లేవద్దు. ఒక్కో కాలుకి ఎన్ని వచ్చాయో రాయి. పరుగువాడికి 25 దాకా రావాలి.

1600_మీటర్లు · జూన్ 10

ఎడమ 16, కుడి 9. తొమ్మిదోదానికి కాలు గజగజ వణికింది. ఇంత తక్వ ఉంటదనుకోలే.

డ్రిల్లుమాస్టారు · జూన్ 11

నేను విజయనగరం జిల్లాలో 34 ఏళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేసి రిటైరయ్యాను. ఈ జిమ్ములు, మెషీన్లు లేని రోజుల్లో మా పిల్లలు రోజూ వంద బస్కీలు, యాభై దండాలు తీసి క్రాస్‌కంట్రీకి వెళ్లేవారు. మోకాలి నొప్పి అన్నవాడు లేడు. వీరఘట్టం నుంచి వచ్చిన కోడి రామ్మూర్తి నాయుడి పేరు ఈ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆయన ఏ మెషీను మీద బలం తెచ్చుకున్నాడు? వంద బస్కీలు తియ్యలేనివాడు పరుగెత్తకూడదని నా అభిప్రాయం.

పాదంపట్టు · జూన్ 11

మాస్టారూ, మీ అనుభవానికి దండం. బస్కీలో ఒక గొప్ప సంగతి ఉంది. కిందికి దిగినప్పుడు మడమలు లేస్తాయి, మోకాళ్లు కాలివేళ్లు దాటి ముందుకొస్తాయి. పిక్క, మోకాలు, పాదం మూడూ పనిచేస్తాయి. చిన్నప్పట్నుంచీ తీసినవాడికి మోకాలు గట్టిపడుతుంది. అందులో సందేహం లేదు.

ఒక్క మనవి. వంద తియ్యగలిగినవాడికి నూట యాభై తీస్తే పెరిగేది ఓపిక. ఓపిక మనవాళ్లకి పరుగులోనే కావలసినంత దొరుకుతుంది. పరుగులో దొరకనిది బరువు. రామ్మూర్తి నాయుడు గారైనా, సంక్రాంతికి ఊళ్లలో గుండు ఎత్తేవాళ్లయినా తేలిక గుండు వందసార్లు ఎత్తి బలవంతులు కాలేదు. ఎత్తగలిగిన గుండు ఎత్తాక దాని కంటే పెద్ద గుండు పట్టుకున్నారు. నేను పరుగువాళ్లని అడిగేది కూడా అదే. ఎనిమిదిసార్లు ఎత్తగలిగేంత బరువు తీసుకోండి, ఇంకో రెండు వస్తాయనగా ఆరు దగ్గర ఆపండి, రెండు మూడు నిమిషాలు కూర్చోండి, మళ్లీ ఎత్తండి.

డ్రిల్లుమాస్టారు · జూన్ 11

పెద్ద గుండు మాట నిజమే బాబూ. మా నాన్నగారి కాలంలో రచ్చబండ దగ్గర వరసగా నాలుగు గుండ్లు ఉండేవి. చిన్నదాంతో మొదలుపెట్టి ఏడాదికో గుండు చొప్పున పైకి వెళ్లేవారు. ఆలోచించాల్సిన విషయం.

భీమిలి_గాలి · జూన్ 12

చదువుతూ ఊరుకుందామనుకున్నాను గానీ ఆడవాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి రాస్తున్నాను. నాకు 47. విశాఖ బీచ్ రోడ్డు మీద నేవీ మారథాన్‌లో మూడుసార్లు హాఫ్ చేశాను.

మూడేళ్ల కిందట వారానికి 70 కిలోమీటర్లు పరుగెత్తేదాన్ని. ఆరు కిలోలు తగ్గాను. అందరూ ఎంత సన్నబడ్డావో అన్నారు, టైమింగ్ కూడా బాగుంది. పొద్దున్న కాఫీ తాగి 18 కిలోమీటర్లు, వచ్చి రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం పుల్కాలు. నెలసరి ఆగింది. 44 ఏళ్లు కదా, మొదలైందేమో అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు భీమిలి వైపు వెళ్తుంటే ఎడమ పాదం పైన వాపు, చెప్పులో కాలు పట్టలేదు. ఎమ్మారైలో పాదం ఎముకకి పగులు. ఎముకల సాంద్రత పరీక్షలో నడుము దగ్గర తక్కువ, డి విటమిన్ కూడా తక్కువ. డాక్టరమ్మ ఒకే మాట అడిగింది: "ఇంత పరుగుకి ఇంతేనా తినడం?"

ఆరు నెలలు పరుగు మానేశాను. ఆ ఖాళీలోనే బరువులు మొదలుపెట్టాను. మా జిమ్‌లో ఆడవాళ్లు వస్తే ట్రెడ్‌మిల్ చూపిస్తారు. రాడ్ దగ్గరికి వెళ్తే "మేడమ్, అది వద్దు, ఇవిగో ఇవి" అని గులాబీ రంగు రెండు కిలోల డంబెల్స్ ఇచ్చారు. నేను వారానికి రెండు సంచులు కూరగాయలు మూడో అంతస్తుకి మోస్తాను, ఈ రెండు కిలోలతో నాకేం వస్తుంది అనిపించింది. ఇంకో జిమ్ వెతుక్కున్నాను. అక్కడ మొదటి రోజు ప్లేట్లు లేకుండా ఉత్త రాడ్, 20 కిలోలు. దాన్ని నేల మీంచి తొడల దాకా లేపడానికే రెండు వారాలు నేర్పించారు. నడుము వంచకుండా, పిర్రలు వెనక్కి నెట్టి, రాడ్ కాళ్లకి రాసుకుంటూ. ఇలా లేపడాన్నే డెడ్‌లిఫ్ట్ అంటారు. ఇవాళ నా బరువు 55, డెడ్‌లిఫ్ట్ 60 కిలోలు, ఐదు చొప్పున మూడు సెట్లు.

అన్నిటికంటే ముందు తిండి మారింది. పొద్దున్నే అరటిపండు తిని వెళ్తాను. వచ్చాక రెండు గుడ్లు, పెసరట్లు. సాయంత్రం ఉడకబెట్టిన శనగలు. నెలసరి మళ్లీ వచ్చింది. చెల్లెళ్లూ, అది ఆగితే పరుగు కుదురుకుందని అనుకోకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఒంటికి తిండి చాలనప్పుడు బరువులు ఎత్తినా ఎముక కట్టుకోదు.

నెక్లెస్‌రోడ్_ఉదయం · జూన్ 12

అమ్మా, ఇది రాసినందుకు చాలా థ్యాంక్స్. మా ఆవిడకి చదివి వినిపించాను. తనూ పొద్దున్నే ఖాళీ కడుపుతో 10 కిలోమీటర్లు వెళ్తుంది. రేపటి నుంచి అరటిపండు.

పాదంపట్టు గారూ, నా రెండో ప్రశ్న అలాగే ఉంది. బరువు పెరుగుతానా?

పాదంపట్టు · జూన్ 13

పెరగరు. కండ ఉబ్బాలంటే బాగా తినాలి, చాలా ఎక్కువగా ఎత్తాలి, పరుగు తక్కువుండాలి. వారానికి 50 కిలోమీటర్లు పరుగెత్తేవాడు రెండు రోజులు ఎత్తితే ముందు మారేది కండ సైజు కాదు, నరాలు కండని వాడుకునే తీరు. నార్వేలో 2008లో 17 మంది పరుగువాళ్ల మీద చూశారు. వాళ్లలో బరువులెత్తిన జట్టు నాలుగుసార్లు మాత్రమే ఎత్తగలిగినంత బరువుతో హాఫ్ స్క్వాట్లు, నాలుగేసి సెట్లు, వారానికి మూడుసార్లు, ఎనిమిది వారాలు చేసింది. ఒంటి బరువు మారలేదు. అదే వేగానికి ఖర్చయ్యే ఆక్సిజన్ 5 శాతం తగ్గింది. అంతకుముందు 1999లో ఫిన్లాండ్‌లో పరుగుకి పెట్టే టైములో మూడో వంతు దాకా తగ్గించి, ఆ టైములో దూకుళ్లు, స్ప్రింట్లు, వేగంగా ఎత్తే బరువులు పెట్టారు. తొమ్మిది వారాలకి 5 కిలోమీటర్ల టైము మెరుగైంది. ఒళ్లు గరిష్ఠంగా వాడుకోగలిగే ఆక్సిజన్, అదే వీఓటూ మాక్స్, పెరగకుండానే.

ఎలా అంటే, చిన్నప్పుడు పంగలకర్ర వాడారు కదా? రబ్బరు వదులైపోతే ఎంత లాగినా రాయి కాళ్ల దగ్గరే పడుతుంది. బిగువు రబ్బరు కొంచెం లాగితే చాలు. మడమ వెనక తాడులా ఉండేది, అదే అకిలిస్ స్నాయువు, పరుగులో చేసేది ఆ రబ్బరు పనే. పెద్ద బరువులు దాన్ని బిగిస్తాయి. తేలిక బరువులకి అది పెద్దగా స్పందించదు.

ఇంకో లెక్క చెప్తాను. పిక్కలో లోపలి కండ, సోలియస్, పరుగులో ప్రతి అడుగుకీ ఒంటి బరువుకి ఆరు నుంచి ఎనిమిది రెట్లు మోస్తుంది. 74 కిలోల మీకు అది దాదాపు 450 నుంచి 590 కిలోలు. ఫుల్ మారథాన్‌లో ఒక్కో కాలుకి 20 వేల అడుగులు. అయినా జిమ్‌కి వెళ్లే పరుగువాళ్లు తొడలకే చేసి, పిక్కల్ని చివర్లో టైముంటే చూద్దాంలే అని వదిలేస్తారు. నాకు బాధ కలిగించేది అదే. సోలియస్ పనిచెయ్యాలంటే మోకాలు కొంచెం వంచి మడమలెత్తాలి.

డల్లాస్_ఎండ · జూన్ 13

పంగలకర్ర అర్థమైంది. పోయినేడు నాకు రెండుసార్లు పిక్క పట్టేసింది, రెండూ 35 కిలోమీటర్లు దాటాకే. వేడి వల్ల అనుకుని ఉప్పు మాత్రలు మింగాను. ఇందాక మెట్టు మీద ఒంటికాలి పరీక్ష చేశాను. 9 మారథాన్ల కాలికి 13 వచ్చాయి. మీరు చెప్పింది గాయాల సంగతి ఎలా ఉన్నా, దీనికోసమైనా మొదలుపెడతాను. వారంలో ఎక్కడ పెట్టాలి?

పాదంపట్టు · జూన్ 13

కష్టం రోజునే కష్టం పెట్టండి. మంగళవారం పొద్దున్న ఇంటర్వల్స్ (కాసేపు వేగంగా, కాసేపు నెమ్మదిగా పరుగు) ఉంటే అదే సాయంత్రం జిమ్, మధ్యలో ఆరు గంటలైనా ఎడం ఉండాలి. బుధవారం హాయిగా, తేలికగా. ఈజీ రోజున బరువులు పెడితే వారంలో ఒంటికి విశ్రాంతే ఉండదు. శుక్రవారం రెండోసారి చేస్తే ఆదివారం లాంగ్ రన్‌కి ముందు ఒక రోజు ఎడం దొరుకుతుంది. కొత్తలో బరువుల నొప్పి ఆదివారానికి ఇంకా కొంచెం ఉండొచ్చు, అందుకే తేలిగ్గా మొదలుపెట్టండి. ఒకసారి పడ్డ ఒళ్లు మళ్లీ అదే పనికి అంతగా నొప్పెట్టదు కూడా.

నాలుగే చాలు: స్క్వాట్ గానీ లెగ్ ప్రెస్ గానీ ఒకటి, డెడ్‌లిఫ్ట్, ఎత్తు పీట మీదికి ఒంటికాలితో ఎక్కి నెమ్మదిగా దిగడం, మడమలెత్తడం. నెక్లెస్‌రోడ్ గారికి మూడోది ప్రాణం. ఫ్లైఓవర్ దిగుడు అదే. మొదటి మూడు వారాలు 10 చొప్పున, తేలిగ్గా, భంగిమ కోసం. ఆ తర్వాత 6కి దించి బరువు పెంచండి. రేసుకి పది రోజుల ముందు ఆఖరి పెద్ద బరువు. అప్పటిదాకా పూర్తిగా మాత్రం ఆపకండి. వారానికి ఒక్కసారి ఎత్తినా వచ్చిన బలం నిలుస్తుంది.

డ్రిల్లుమాస్టారు · జూన్ 20

జిమ్ లేని పల్లె పిల్లల కోసం ఒక సంగతి. స్కూలు బ్యాగులో పది కిలోల బియ్యం సంచీ పెట్టి, ఇంకో బ్యాగులో ఐదు కిలోలు పెట్టి చూశాను. పదిహేను కిలోలతో మా మనవడు అరుగు మీదికి ఒంటికాలితో ఎక్కాడు. ఎనిమిదోసారికి చాలు తాతా అన్నాడు. వాడు బస్కీలు అరవై తీస్తాడు. బియ్యం బ్యాగుకి అడుగున దుప్పటి మడత పెడితే వీపుకి గుచ్చుకోదు.

నెక్లెస్‌రోడ్_ఉదయం · ఆగస్టు 10

తొమ్మిది వారాలైంది, లెక్క చెప్పాలి. బరువు 73.5. లెగ్ ప్రెస్ 60 నుంచి 130 కిలోలకి వచ్చింది. మూడు శుక్రవారాలు ఆఫీసు పనితో జిమ్ పోయింది. పరుగు వారానికి 58 దాకా పెంచి అక్కడే ఆపాను.

ఇవాళ 32 కిలోమీటర్లు. కావాలనే పంజాగుట్ట ఫ్లైఓవర్ మీదుగా వెళ్లాను. 29 దగ్గర దిగుడు. మోకాలు ఎప్పుడు పొడుస్తుందా అని గుండె దడదడలాడింది. బయటివైపు కొంచెం బిగువు తెలిసింది, అంతే. అడుగులు చిన్నవి చేసి దిగేశాను. ఇంటికొచ్చి మెట్లు మామూలుగానే ఎక్కి దిగాను, రెయిలింగ్ ముట్టుకోలేదు. మా ఆవిడ కింద నుంచి వీడియో తీసింది.

1600_మీటర్లు · ఆగస్టు 11

అన్నా ముబారక్. నాది గూడ చెప్త. ఎడమ 24, కుడి 20, బ్యాగుల ఐదు కిలోలు పెట్టుకొని 12 అయితున్నయ్. పొద్దుగాల బొక్క పొంటి నొక్కి చూసిన, ఏం లేదు. నిన్న 1600 ఉరికిన, 7:06. గుండు ఏసుడు (షాట్‌పుట్) గూడ పెరిగింది, దానికి వేరే ఏం చెయ్యలే. ఇగ రోజూ ఉరకాల్నా?

పాదంపట్టు · ఆగస్టు 11

శభాష్ తమ్ముడూ. రోజూ వద్దు, వారానికి నాలుగు రోజులు చాలు. కుడికాలుకి ఒక సెట్టు ఎక్కువ చెయ్యి, ఎడమతో సమానమయ్యేదాకా. తాడాట మొదలుపెట్టు, మట్టి నేల మీద, ఇరవై చొప్పున మూడుసార్లు, మోకాళ్లు బిగపట్టకుండా. మర్నాడు పొద్దున్నే మళ్లీ నొక్కి చూసి ఇక్కడ రాయి.